గోల్ఫ్ కోర్సుల్లో వంతెనలు, లైట్‌హౌస్‌లు, గోడలు, శిథిలాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోల్ఫ్ కోర్సు అనగానే పచ్చిక, ఇసుక బంకర్లు, చెరువులు గుర్తొస్తాయి. పేరున్న కోర్సులను తలచుకుంటే మాత్రం చాలామందికి ముందుగా కళ్లముందు కదిలేది ఒక వంతెనో, లైట్‌హౌసో, పాత గోడో. వాటి గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుండటంతో జవాబులన్నీ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఒక కట్టడం కోర్సులో ఉండాలంటే దానికి ఏదో ఒక పని ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను: దిక్కు చూపడం, నీటిని దాటించడం, ఆ నేల గతాన్ని నిలబెట్టడం, ఇలా ఏదైనా సరే. జవాబుల్లో ఆ నమ్మకం కనిపిస్తుంది.

## టీవీలో ఆట చూసేవారికి

స్విల్కన్ వంతెన అంత చిన్నది కదా, ఆటగాళ్లందరూ దాని మీదే ఎందుకు ఆగుతారు?

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో 18వ హోల్‌కు, అంటే కోర్సులోని ఆట భాగాల్లో చివరిదానికి, అడ్డంగా ఒక సన్నటి వాగు పారుతుంది. దాని మీది రాతి వంతెన పొడవు సుమారు 30 అడుగులు, వెడల్పు 8 అడుగులు. గొర్రెల కాపరులు మందలను దాటించుకోవడానికి 700 ఏళ్ల క్రితమే దీన్ని కట్టారని చెబుతారు. ఒకే కమాను, పొట్టి పిట్టగోడలు, అరిగిన రాళ్లు, అంతే. కానీ అది ఉన్న చోటు గొప్పది. చివరి హోల్‌లో టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి గ్రీన్ (గుంత ఉన్న నున్నటి పచ్చిక) వైపు నడిచేవారు దాని మీదుగానే వెళ్తారు. ఎదురుగా 1854లో కట్టిన క్లబ్‌హౌస్, దాని పక్కన ఊరి భవనాల వరుస కనిపిస్తాయి. మొత్తం ఆట ముగియడానికి ఇంకా కొన్ని దెబ్బలే మిగిలి ఉంటాయి. బ్రిటన్‌లో జరిగే పెద్ద పోటీ ఓపెన్ ఛాంపియన్‌షిప్‌కు 1995లో ఆర్నాల్డ్ పామర్, 2005లో జాక్ నిక్లాస్, 2015లో టామ్ వాట్సన్ ఈ వంతెన మీద నిలబడే వీడ్కోలు పలికారు. ఆ ఫొటోలు చూసి పెరిగిన తరాలు ఇప్పుడు తమ వంతు ఫొటో దిగుతున్నాయి.

అగస్టాలో వంతెనలకు మనుషుల పేర్లు ఎందుకు పెట్టారు?

అక్కడ జరిగిన ఆటను గుర్తుంచుకోవడానికి. అమెరికాలోని అగస్టా నేషనల్‌లో 1935లో జీన్ సారజెన్ 15వ హోల్‌లో 235 గజాల దూరం నుంచి రెండో దెబ్బకే బంతిని హోల్‌లో వేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1955లో, ఆ గ్రీన్ పక్కన చెరువు మీదున్న వంతెనకు ఆయన పేరు పెట్టారు. 1958లో మరో రెండింటికి పేర్లు వచ్చాయి. 12వ గ్రీన్‌కు తీసుకెళ్లే వంతెన బెన్ హోగన్‌ది. 1953లో అక్కడ జరిగే మాస్టర్స్ పోటీలో ఆయన 274 స్ట్రోకులతో (దెబ్బలతో) అప్పటి రికార్డు నెలకొల్పాడు. 13వ టీ నుంచి వాగు దాటించే వంతెన బైరన్ నెల్సన్‌ది. 1937 మాస్టర్స్ చివరి రౌండ్‌లో 12, 13 హోల్స్‌ను ఆయన 2, 3 స్ట్రోకుల్లో ముగించి, ప్రత్యర్థి రాల్ఫ్ గుల్డాల్ మీద ఆ రెండు హోల్స్‌లోనే ఆరు స్ట్రోకులు సంపాదించాడు. శిలాఫలకం పాతి వదిలేయకుండా, ఆటగాళ్లు రోజూ నడిచే దారికే పేరు పెట్టడం నాకు చాలా నచ్చిన ఆలోచన.

హార్బర్ టౌన్‌లోని ఎరుపు, తెలుపు చారల లైట్‌హౌస్ నిజమైనదేనా?

ఓడల కోసం ప్రభుత్వం కట్టించింది కాదు. దక్షిణ కరొలినాలోని హిల్టన్ హెడ్ దీవిలో రిసార్టును అభివృద్ధి చేసిన చార్లెస్ ఫ్రేజర్ సొంత ఖర్చుతో కట్టించాడు. 1970లో పూర్తయింది, ఎత్తు 90 అడుగులు. దండగ ఖర్చని అప్పట్లో విమర్శించినవారు ఉన్నారు. కోర్సు మాత్రం అంతకు ముందు ఏడాదే మొదలైంది. పీట్ డై, జాక్ నిక్లాస్ కలిసి రూపొందించారు.

చూపు కోసం కట్టినదైనా ఇది పండింది. 18వ హోల్ సముద్రపు పాయ వెంట సాగుతుంది, ఎడమవైపంతా ఖాళీగా ఉంటుంది. చూపు నిలపడానికి ఆ ఒక్క స్తంభమే దొరుకుతుంది. రెండో దెబ్బకు చాలామంది దాని వైపే గురిపెడతారు. అదే లైట్‌హౌస్‌ను ఏ ఐదో హోల్ పక్కనో, చెట్ల మధ్యనో నిలబెట్టి ఉంటే ఇవాళ ఎవరికీ గుర్తుండేది కాదు.

టర్న్‌బెర్రీ లైట్‌హౌస్ కూడా అలాంటిదేనా?

కాదు, అది ఓడల కోసమే పుట్టింది. స్కాట్లాండ్ పడమటి తీరంలో 1873లో వెలిగింది. తరతరాలుగా లైట్‌హౌస్‌లు కట్టిన స్టీవెన్‌సన్ కుటుంబంవారు దీని రూపకర్తలు. స్కాట్లాండ్ రాజు రాబర్ట్ ద బ్రూస్‌తో ముడిపడిన పాత కోట శిథిలాల మీదే ఇది నిలబడింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి కోర్సును విమానాశ్రయంగా మార్చారు. ఆనాటి కాంక్రీటు రన్‌వే ముక్కలు ఇప్పటికీ ఆ నేలలో ఉన్నాయి. 2016లో కోర్సును మార్చినప్పుడు 9వ హోల్‌ను సముద్రపు అంచు మీదుగా లైట్‌హౌస్ వైపు కొట్టే పార్-3గా (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్‌గా) తీర్చారు. అంతకు ముందు పక్కన చూసి వెళ్లిపోయే కట్టడం ఇప్పుడు ఆటకు గమ్యమైంది.

గోల్ఫ్ కోర్సు మధ్యలో గాలిమర ఎందుకు కట్టారు?

న్యూయార్క్ రాష్ట్రంలోని నేషనల్ గోల్ఫ్ లింక్స్ ఆఫ్ అమెరికా గురించి అడిగే ప్రశ్న ఇది. నీళ్ల ట్యాంకు కంటికి ఇబ్బందిగా ఉందని దాని చుట్టూ గాలిమర రూపం కట్టారు. గాలిమర ఉంటే బాగుంటుందని ఒక సభ్యుడు అన్నాడనీ, కోర్సు రూపకర్త చార్లెస్ మెక్‌డొనాల్డ్ దాన్ని కట్టించి బిల్లు ఆ సభ్యుడికే పంపాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఇప్పుడు ఆ క్లబ్‌కు అదే గుర్తింపు.

మెరియన్‌లో జెండాలు లేవేమిటి?

పెన్సిల్వేనియాలోని మెరియన్ ఈస్ట్ కోర్సులో కర్ర పైన జెండాకు బదులు అల్లిన బుట్ట ఉంటుంది. మొదటి తొమ్మిది హోల్స్‌కు ఎరుపు, తర్వాతి తొమ్మిదికి నారింజ రంగు. బుట్ట రెపరెపలాడదు కాబట్టి గ్రీన్ దగ్గర గాలి ఎటు వీస్తోందో దూరం నుంచి తెలియదు. అలంకారంలా కనిపించే ఈ చిన్న వస్తువు ఆటను నిజంగానే కఠినం చేస్తుంది.

టోర్నమెంట్‌లప్పుడు కట్టే గ్యాలరీలను కూడా కోర్సులో భాగంగా చూడాలా?

ఆ వారం వరకు చూడక తప్పదు. అమెరికాలోని స్కాట్స్‌డేల్ కోర్సు 16వ హోల్ చుట్టూ ఏటా వేల మంది కూర్చునే స్టేడియం కడతారు. ఆ గోడలు గాలిని ఆపుతాయి, నీడ పరుస్తాయి, గ్రీన్ వెనక గట్టి నేపథ్యాన్ని ఇస్తాయి. మామూలు రోజుల్లో అక్కడ ఉండేది ఒక సాదా పార్-3.

## క్లబ్ చేతబట్టి ఆడేవారికి

ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కూ మధ్య కత్తిరించిన పచ్చిక దారి) కనబడటం లేదు, ఆ చర్చి గోపురం చూసి కొట్టమంటున్నారు. అసలు ఎలా కొట్టాలి?

ముందు ఆ గోపురంలో ఏ భాగమో తేల్చుకోండి. వెడల్పైన భవనం గురికి పనికిరాదు. దాని శిఖరమో, ఒక కిటికీ అంచో, చిమ్నీయో కావాలి. ఉత్తర ఐర్లాండ్‌లోని రాయల్ కౌంటీ డౌన్‌లో 9వ హోల్ ఆడేవారు స్లీవ్ డొనార్డ్ హోటల్‌ను చూసి గురిపెడతారు. ఎర్ర ఇటుకల భవనం పెద్దదే, కానీ పనికొచ్చేది దాని కోసుగా లేచిన శిఖరం.

తర్వాత బంతి వెనక నిలబడి, శిఖరానికీ బంతికీ మధ్య ఒక గీత ఊహించుకోండి. ఆ గీత మీద బంతికి అడుగు, రెండడుగుల ముందు ఏదైనా చిన్న గుర్తు ఎంచుకోండి: రంగు మారిన గడ్డిపరక, పాత దెబ్బ మచ్చ. పక్కకొచ్చి నిలబడ్డాక క్లబ్ ముఖాన్ని ఆ దగ్గరి గుర్తుకు సరిచేయండి, పాదాలను దానికి సమాంతరంగా పెట్టుకోండి. తల తిప్పి గోపురాన్ని చూస్తూ పాదాలు సర్దుకుంటే చాలామంది తెలియకుండానే కుడివైపు తిరిగిపోతారు. ఇంకో సంగతి మరవకండి. టీ పెట్టిన చోటు మారితే గురి కూడా మారుతుంది. నిన్న ఎడమ అంచు నుంచి గోపురం మీదుగా కొట్టిన దెబ్బను ఇవాళ కుడి అంచు నుంచి అదే గోపురానికి కొడితే బంతి వేరే చోట పడుతుంది. గోపురం ఎంత దూరంలో ఉంటే ఈ తేడా అంత తగ్గుతుంది.

రోడ్ హోల్‌లో హోటల్ షెడ్డు మీదుగా కొట్టడమేమిటి? పక్క నుంచి వెళ్లకూడదా?

వెళ్లవచ్చు, కాని దూరం పెరుగుతుంది. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు 17వ హోల్‌నే రోడ్ హోల్ అంటారు. దాని పొడవు ఛాంపియన్‌షిప్ టీ నుంచి 495 గజాలు, పార్-4. కుడివైపు మలుపులో పూర్వం రైల్వే షెడ్లు ఉండేవి. ఇప్పుడున్నవి ఆ ఆకారాన్ని గుర్తుచేసేలా హోటల్ పక్కన కట్టినవి. షెడ్డు గోడ మీద హోటల్ పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఏ అక్షరం మీదుగా కొట్టాలన్నదే ఇక్కడి నిర్ణయం. కుడి అక్షరాలను ఎంచుకున్నకొద్దీ దారి తగ్గుతుంది, అవుట్ ఆఫ్ బౌండ్స్ (బంతి కోర్సు హద్దు దాటడం) ప్రమాదం పెరుగుతుంది. మొదటిసారి ఆడేవారు ఎడమవైపు అక్షరాలతో సరిపెట్టుకోవడం మంచిది. ఎదుట కనిపించే ఒక గోడ ఆటగాడిని ఇంత స్పష్టంగా ప్రశ్నించే హోల్ మరొకటి నాకు తెలియదు.

గ్రీన్ వెనక పెద్ద భవనం ఉంటే నా దెబ్బ ప్రతిసారీ తప్పుతోంది. కంటి లోపమా?

కంటి లోపం కాదు, ఎవరికైనా జరిగేదే. మన కళ్లు తెలిసిన వస్తువుల పరిమాణంతో దూరాన్ని లెక్కిస్తాయి. తలుపు, కిటికీ, మనిషి కనబడితే అంచనా కుదురుతుంది. కిటికీలు లేని స్తంభమో, మామూలుకన్నా పెద్ద కిటికీలున్న క్లబ్‌హౌసో అయితే ఆ లెక్క తప్పుతుంది. దీనికి తోడు, గ్రీన్ కొంచెం ఎత్తున ఉంటే దాని వెనక నేల మన కంటికి కనబడదు. వంద గజాల అవతలి భవనం గ్రీన్‌కు ఆనుకున్నట్టే ఉంటుంది. ఇలాంటి హోల్‌లో కొలిచిన దూరాన్ని నమ్మండి, కంటికి తోచిన దూరాన్ని పక్కన పెట్టండి.

దీనికి పూర్తిగా భిన్నమైనది వెనక ఏమీ లేకుండా ఆకాశమే నేపథ్యంగా ఉన్న గ్రీన్. అక్కడ కొలమానమే దొరక్క ఆటగాడు తడబడతాడు. అందుకే తీరప్రాంత కోర్సుల్లో దూరాన ఒక పాత కోట గోడ కనిపించినా ప్రాణం లేచొస్తుంది.

రేంజ్‌ఫైండర్ ఒక్కోసారి యాభై గజాలు ఎక్కువ చూపిస్తోంది, ఎందుకు?

లేజర్ జెండా కర్రను తప్పి వెనకున్న గోడకు తగిలి ఉంటుంది. సన్నటి కర్ర కన్నా భవనమే తేలిగ్గా దొరుకుతుంది. రెండు మూడు సార్లు కొలిచి అన్నింటికన్నా తక్కువగా వచ్చిన అంకెను చూడండి. గ్రీన్ ముందు బంకర్ అంచును కూడా కొలిస్తే పొరపాటు వెంటనే బయటపడుతుంది. నియమాల ప్రకారం దూరం కొలిచే పరికరం వాడవచ్చు, కమిటీ లోకల్ రూల్ (ఆ కోర్సుకే వర్తించే నియమం) పెట్టి నిషేధిస్తే తప్ప. ఎత్తుపల్లాల తేడాను లెక్కగట్టే సదుపాయం మాత్రం పోటీల్లో వాడకూడదు.

ఇసుక దిబ్బ వెనక గ్రీన్ ఉంది, అక్కడ గంట వేలాడుతోంది, పైన రంగు గుర్తులున్నాయి. ఇవి దేనికి?

గుర్తులు మీకు, గంట మీ వెనక వచ్చేవారికి. 1860లో మొదటి ఓపెన్ జరిగిన స్కాట్లాండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో 5వ హోల్ పేరు హిమాలయాస్. పార్-3 అయినా టీ నుంచి గ్రీన్ కనబడదు. దిబ్బ మీద మీ టీ రంగుకు సరిపోయే గుర్తును చూసి దాని మీదుగా కొట్టాలి. గ్రీన్ ఖాళీ చేశాక గంట మోగించి వెళ్లాలి. మోగించకపోతే అవతలివారు అక్కడే నిలబడిపోతారు.

ఐర్లాండ్‌లోని లహించ్ కోర్సు 5వ హోల్‌లో గ్రీన్ రెండు దిబ్బల మధ్య దాగి ఉంటుంది. ముందు దిబ్బ మీద ఒక తెల్ల రాయి పెడతారు. గ్రీన్ మీది గుంత చోటు మార్చినప్పుడల్లా ఆ రాయినీ జరుపుతారు. స్కాట్లాండ్‌లోని ఈలీలో ఇంకా విశేషం: మొదటి టీ దగ్గర ఎక్స్‌కాలిబర్ అనే జలాంతర్గామి నుంచి తెచ్చిన పెరిస్కోప్ ఉంది. ఎదురుగా ఉన్న గుట్ట అవతల ముందు బృందం దూరంగా వెళ్లిందో లేదో అందులోంచి చూసి ఆట మొదలుపెట్టిస్తారు.

అలాంటి రాయి లేని చోట నా బ్యాగును దిబ్బ మీద గుర్తుగా పెట్టుకోవచ్చా?

పెట్టకూడదు. దిక్కు చూపడానికి కోర్సులో ఏ వస్తువునూ కింద పెట్టరాదని నియమం. ఉన్న కట్టడాలను, చెట్లను, కొండలను గురిగా ఎంచుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

## బంతి కట్టడం దగ్గర చిక్కినప్పుడు

బంతి రాతి గోడకు ఆనుకుని ఆగింది. పెనాల్టీ లేకుండా జరుపుకోవచ్చా?

ఆ గోడ ఏ కోవకు చెందుతుందో ముందు చూడాలి, దానికి స్కోర్‌కార్డు వెనక ముద్రించిన లోకల్ రూల్స్ చదవాలి. కోర్సు సరిహద్దును సూచించే గోడైతే ఉచిత రిలీఫ్ (పెనాల్టీ లేకుండా బంతిని జరుపుకునే వీలు) లేదు. కమిటీ ఆ గోడను కోర్సులో విడదీయరాని భాగంగా ప్రకటించినా లేదు. ఈ రెండూ కాకుండా మనిషి కట్టిన మామూలు గోడైతే, అది మీరు నిలబడే చోటుకో, క్లబ్ ఊపే దారికో అడ్డమొస్తే ఉచిత రిలీఫ్ ఉంటుంది. అడ్డం పూర్తిగా తొలగే దగ్గరి చోటును గుర్తించి, అక్కడి నుంచి ఒక క్లబ్ పొడవు లోపల, హోల్‌కు దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి బంతిని వదలాలి.

సెయింట్ ఆండ్రూస్‌లో 17వ గ్రీన్ వెనక రోడ్డు మీద బంతి ఆగితే అక్కడి నుంచే ఆడాలి. రోడ్డుకు అవతల గోడ ఉంది. 2010 ఓపెన్‌లో మిగెల్ ఏంజెల్ హిమెనెజ్ ఆ గోడ పక్కన చిక్కుకుని, గ్రీన్‌కు వీపు పెట్టి బంతిని గోడకే కొట్టాడు. అది ఎగిరి వెనక్కి వచ్చి గ్రీన్ మీద పడింది. ఉచితంగా జరుపుకునే వీలుంటే ఆ దెబ్బ పుట్టేదే కాదు. ఓ పాత గోడను ఆటలో భాగంగా ఉంచడం వల్ల కలిగే మేలు అదే.

షెడ్డు సరిగ్గా నాకూ గ్రీన్‌కూ మధ్యలో ఉంది. నిలబడటానికి, ఊపడానికి ఇబ్బంది లేదు. రిలీఫ్ వస్తుందా?

రాదు. శాశ్వత కట్టడం చూపుకో, బంతి వెళ్లే దారికో అడ్డమైనంత మాత్రాన రిలీఫ్ ఇవ్వరు. బంతి గ్రీన్ మీద ఉండి, పుట్టింగ్ దారికి కదలని కట్టడం అడ్డొస్తేనే ఇస్తారు. పెద్ద పోటీల్లో తాత్కాలికంగా కట్టిన గ్యాలరీలకు, తెరలకు ప్రత్యేక లోకల్ రూల్ ఉంటుంది కాబట్టి టీవీలో ఆటగాళ్లు పక్కకు జరుపుకోవడం కనిపిస్తుంది. దాన్ని చూసి మీ క్లబ్ షెడ్డుకూ అదే వర్తిస్తుందని అనుకోవద్దు.

బంతి వంతెన మీద ఆగింది. నీళ్లలో పడ్డట్టేనా?

వంతెన పెనాల్టీ ఏరియా (వాగు, చెరువు వంటి చోటు) మీద ఉంటే బంతి కూడా పెనాల్టీ ఏరియాలో ఉన్నట్టే, ఎందుకంటే దాని హద్దు నిలువుగా పైకీ కిందికీ సాగుతుంది. కాబట్టి వంతెన నుంచి ఉచిత రిలీఫ్ లేదు. అలాగే ఆడవచ్చు, క్లబ్‌ను వంతెనకు ఆనించవచ్చు. వద్దనుకుంటే ఒక స్ట్రోక్ పెనాల్టీతో బయటికి తెచ్చుకోవచ్చు. రాతి మీద నుంచి కొడితే క్లబ్‌కూ మణికట్టుకూ దెబ్బ తగిలే ప్రమాదముంది, ఆలోచించి నిర్ణయించుకోండి.

నా బంతి భవనానికి తగిలి వెనక్కి వచ్చింది, మళ్లీ కొట్టవచ్చా?

లేదు, ఆగిన చోటి నుంచే ఆడాలి, పెనాల్టీ మాత్రం లేదు. 1999 ఓపెన్‌లో స్కాట్లాండ్‌లోని కార్నౌస్టీ 18వ హోల్‌లో జాన్ వాన్ డ వెల్డ్ రెండో దెబ్బ గ్యాలరీ రెయిలింగ్‌కు తగిలి, వాగు రాతి గోడ మీద పడి, ఎత్తయిన గడ్డిలోకి ఎగిరింది. ఆ హోల్‌కు 7 స్ట్రోకులు చేసి ఆయన ప్లేఆఫ్‌లో టైటిల్ కోల్పోయాడు. ఒక్క మినహాయింపు ఉంది. తలమీదుగా వెళ్లే కరెంటు తీగకు తగిలితే దెబ్బను లెక్కించకుండా మళ్లీ ఆడాలని కొన్ని క్లబ్బులు లోకల్ రూల్ పెట్టుకుంటాయి.

క్లబ్‌హౌస్ దగ్గర ఆగిన బంతిని తెరిచిన కిటికీ లోంచి కొట్టవచ్చా?

క్లబ్‌హౌస్ అవుట్ ఆఫ్ బౌండ్స్‌లో లేకపోతే కొట్టవచ్చు. తెరిచేందుకు వీలుగా చేసిన తలుపునూ కిటికీనీ ఆడే ముందు తెరుచుకోవచ్చు. లోపల ఎవరూ లేరని చూసుకోండి.

## కోర్సు రూపొందించేవారికి, నడిపేవారికి

మా కోర్సుకు ఒక గుర్తింపు చిహ్నం కావాలి. టవర్ లాంటిది కట్టమంటారా?

కట్టే ముందు చుట్టూ ఏముందో చూడండి. స్కాట్లాండ్‌లో 2009లో మొదలైన కాజిల్ స్టూవర్ట్ లింక్స్‌లో రూపకర్తలు గిల్ హాన్స్, మార్క్ పార్సినెన్ కొత్తగా స్తంభమేదీ నిలబెట్టలేదు. 4వ హోల్ పార్-3ని పాత కోట వైపు తిప్పారు. ఇతర హోల్స్ నుంచి చానన్రీ లైట్‌హౌస్, కెసాక్ వంతెన కనిపించేలా దారులు వేశారు. వాళ్లు వాడుకున్నది హోల్ దిశను మాత్రమే. దూరపు గుర్తు వైపు ఫెయిర్‌వేను పది డిగ్రీలు తిప్పితే వచ్చే ఫలితం ఏ కొత్త కట్టడంతోనూ రాదు.

కొత్తది తప్పనిసరైతే దానికి ఇంకో పని కూడా అప్పగించండి. నీళ్ల ట్యాంకు, పిడుగులప్పుడు తలదాచుకునే గది, వాగు దాటించే వంతెన ఏదైనా కావచ్చు. పనిలేని ఫౌంటెన్లు, ప్లాస్టరుతో పోతపోసిన స్తంభాలు మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. పదేళ్లకు అవి పెచ్చులూడి, ఎవరూ పట్టించుకోని భారంగా మిగులుతాయి.

బంకర్ల గోడలకు రైలు స్లీపర్లు ఎందుకు వాడతారు? అందం కోసమా?

మొదట అవసరం కోసం. తీరప్రాంతంలో ఇసుక గోడలు కూలిపోకుండా దొరికిన చెక్కతో ఆపేవారు. ఇంగ్లండ్‌లోని రాయల్ నార్త్ డెవన్ 4వ హోల్‌లో, ప్రెస్ట్‌విక్ 3వ హోల్ కార్డినల్ బంకర్‌లో నిలువెత్తు చెక్క గోడలు ఇప్పటికీ ఉన్నాయి. 1963లో స్కాట్లాండ్ అంతా తిరిగి చూసిన పీట్ డై ఆ పద్ధతిని అమెరికాకు తీసుకెళ్లి తన ముద్రగా మార్చుకున్నాడు. ఫ్లోరిడాలోని సాగ్రాస్ 17వ హోల్‌లో నీటి మధ్య గ్రీన్ చుట్టూ ఉన్న చెక్క అంచు అందరూ చూసిందే. గడ్డి వాలు నీటిలోకి మెల్లగా దిగితే హద్దు మసకబారుతుంది. నిలువు చెక్క అంచు ఉంటే బంతి బతికిందో పోయిందో టీ దగ్గరికే తెలుస్తుంది. ఆ గట్టి గీతే ఆటగాడి గుండెలో దడ పుట్టిస్తుంది. చెక్క కుళ్లుతుందని, కొన్నేళ్లకోసారి మార్చాల్సిందేనని బడ్జెట్‌లో రాసుకోండి.

స్థలంలో పాత గని, ఫ్యాక్టరీ శిథిలాలున్నాయి. తీసేయమంటారా?

భద్రత పరీక్షలు అయ్యాక, వీలైనంతవరకు ఉంచమంటాను. వాషింగ్టన్ రాష్ట్రంలోని చాంబర్స్ బే ఒకప్పుడు ఇసుక, కంకర తవ్విన చోటు. కంకరను వేరుచేసి నిల్వ చేసిన కాంక్రీటు గోడలను 18వ హోల్ దగ్గర అలాగే వదిలేశారు. 2015 యూఎస్ ఓపెన్ చూసినవారికి ఆ బూడిదరంగు గోడలు గుర్తుండే ఉంటాయి. మోంటానాలోని అనకొండలో 1997లో మొదలైన ఓల్డ్ వర్క్స్ కోర్సు ఇంకా ముందుకెళ్లింది. రాగి కరిగించిన పాత కర్మాగారం స్థలమది, కలుషితమైన నేలను శుద్ధిచేసి కోర్సు కట్టారు. నిక్లాస్ బంకర్లలో తెల్ల ఇసుకకు బదులు రాగి పరిశ్రమ వదిలిన నల్ల చిట్టాన్ని నింపాడు. గుట్ట మీద కొలుముల శిథిలాలు నిలబడే ఉన్నాయి. పచ్చికలో ఆ నల్ల మచ్చలను చూస్తే అక్కడ పనిచేసిన తరాలు గుర్తుకొస్తాయి. వాటిని చెరిపేసి ఉంటే అది పది కోర్సుల్లో ఒకటి అయ్యేది.

సమాధులు, పురాతన కట్టడాలు ఉన్న నేల మీద గోల్ఫ్ ఆడటం సబబేనా?

అన్ని చోట్లకూ ఒకే జవాబు ఉండదు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో లాల్ బంగ్లా వంటి పాత సమాధి కట్టడాలు చెట్ల మధ్య నిలబడి ఉన్నాయి. ఐర్లాండ్‌లోని అడేర్ మేనర్ కోర్సులో ఫ్రాన్సిస్కన్ మఠం శిథిలాలు, కోట గోడలు ఫెయిర్‌వేల పక్కనే ఉన్నాయి. ఆట కట్టడాన్ని తాకకుండా పక్క నుంచి సాగిపోయే చోట, చుట్టూ ఖాళీ నేల మిగలడం వల్ల కట్టడానికీ కొంత రక్షణ దొరుకుతుంది.

కోర్సు ఆ కట్టడం మీదే కూర్చుంటే సంగతి వేరు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం న్యూఆర్క్‌లో సుమారు 2000 ఏళ్ల కిందట హోప్‌వెల్ సంస్కృతి ప్రజలు మట్టితో భారీ అష్టభుజి, వృత్తం కట్టారు. చంద్రుడు ఉదయించే చోటు 18.6 ఏళ్ల చక్రంలో మారుతుంది. ఆ మార్పుకు అనుగుణంగా ఆ గట్లను అమర్చారు. శతాబ్దానికి పైగా వాటి మధ్య, వాటి మీద గోల్ఫ్ ఆడారు. సందర్శకులకు పూర్తి ప్రవేశం ఏడాదిలో కొన్ని రోజులే ఉండేది. 2022లో స్థలాన్ని క్లబ్ నుంచి వెనక్కి తీసుకోవచ్చన్న రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు, 2023లో యునెస్కో గుర్తింపు వచ్చాక క్లబ్ తప్పుకుంది. 2025 జనవరి నుంచి ఆ స్థలం ప్రజలందరికీ తెరిచి ఉంది. అది సరైన ముగింపని నా నిశ్చితాభిప్రాయం. ఎంత అందమైన హోల్ అయినా మరో చోట కట్టుకోవచ్చు, ఆ మట్టి గట్లను మళ్లీ కట్టలేం.

చుట్టూ ఆకాశహర్మ్యాలు లేస్తున్నాయి, మా కోర్సు అందం పోయినట్టేనా?

పోనక్కరలేదు. దుబాయ్‌లోని ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ 1988లో మొదలైనప్పుడు చుట్టూ ఎడారే. ఎడారి గుడారాల ఆకారంలో కట్టిన క్లబ్‌హౌస్ దూరం నుంచే కనిపించేది. ఇప్పుడు 8వ హోల్ టీ మీద నిలబడితే ఎదురుగా వందల అడుగుల భవనాల వరుస కనిపిస్తుంది, అదే ఆ కోర్సుకు ఎక్కువగా వాడే ఫొటో అయింది. న్యూజెర్సీలోని లిబర్టీ నేషనల్‌లో స్వేచ్ఛా ప్రతిమను, మన్‌హాటన్ భవనాలను కావాలనే చూపులోకి తెచ్చుకున్నారు. దగ్గరి అపార్ట్‌మెంట్ గోడలు, ఆరేసిన బట్టలు కనబడే వైపు చెట్లు పెంచండి. దూరపు శిఖరాల వైపు తెరిచి ఉంచండి. నాటబోయే చెట్టు ఇరవై ఏళ్లకు ఎంత ఎత్తు పెరుగుతుందో ఇప్పుడే చూసుకోండి, చాలా కోర్సుల్లో మంచి చూపును మూసేసింది నిర్వాహకులు నాటిన చెట్లే.

పాత వంతెన చుట్టూ నేల అరిగిపోతోంది. రాళ్లు పరచవచ్చా?

తొందరపడకండి. 2023 ఫిబ్రవరిలో స్విల్కన్ వంతెన మొదట్లో పచ్చిక నిలవడం లేదని గుండ్రంగా రాతి పలకలు పరిచారు. కారణం సబబే, రోజూ వందల పాదాలు ఆ ఒక్క చోటే పడతాయి. కానీ కొత్త రాళ్లు పాత కమాను కన్నా ముందు కంటపడ్డాయి. ప్రపంచం నలుమూలల నుంచి అభ్యంతరాలు రావడంతో కొద్ది రోజుల్లోనే తీసేసి మళ్లీ పచ్చిక వేశారు. ముందుగా జనం నడిచే దారిని తాడు కట్టి అటూ ఇటూ మార్చడం, పచ్చికను తరచుగా మార్చి వేయడం ప్రయత్నించండి. రాయి తప్పదనుకుంటే చిన్న ముక్క పరిచి, దూరం నుంచి ఫొటో తీసి, సభ్యులకు చూపించాకే ముందుకెళ్లండి.

బండ్ల దారులు, పంపు గదులు, మరుగుదొడ్లు చూపును పాడుచేస్తున్నాయి. ఏం చేయాలి?

టీ మీద నిలబడ్డ మనిషి కంటి ఎత్తు నుంచి ప్రతి హోల్‌నూ ఒకసారి ఉదయం, ఒకసారి సాయంత్రం ఫొటో తీయండి. ఏది ముందుగా కంట్లో పడుతోందో గుర్తుపెట్టండి. బండ్ల దారిని చదును నేల మీద కాకుండా చిన్న గట్టు వెనక, కాస్త పల్లంలో వేస్తే టీ నుంచి కనబడదు. కాంక్రీటు తెల్లగా మెరుస్తుంటే పోసేటప్పుడే ముదురు రంగు కలిపించండి. పంపు గది గోడలకు స్థానిక రాయినో, ఆ నేల రంగునో ఎంచుకోండి. రేకుల పైకప్పు మాత్రం ఎండ వాలేటప్పుడు అద్దంలా మెరిసి, సరిగ్గా దెబ్బ కొట్టే క్షణంలో ఆటగాడి కళ్లలో పడుతుంది. దానికి మెరుపులేని ముదురాకుపచ్చ వేయించడం ఒక్క రోజు పని, ముందు అదే చేయించండి.